పటం కింది నేల

"ఈ పటం విల్మెర్ మీకెప్పుడిచ్చాడో ఇంకోసారి చెప్పండి ఇంజనీరు గారూ."

"పొద్దున్నించి అదే చెబుతున్నాను లెఫ్టినెంట్."

"నాకు కాస్త మతిమరుపు. ఏమనుకోకండి."

తన ఆఫీసు బల్ల వెనక కూర్చున్న రమీరో లాందీవర్ విసుగును నవ్వు కింద దాచుకున్నాడు. సాంతా రూఫినాలో ఏ కొండవాలు మీద ఇల్లు కట్టుకోవచ్చో, ఏది ఎప్పుడు జారుతుందో తేల్చి చెప్పే 'సెర్రో క్లారో' అనే కన్సల్టెన్సీ అతనిది. అతని దగ్గర పటాలు గీసే విల్మెర్ తార్కి కార్నివాల్ శనివారం ఆఫీసు వెనక మెట్ల దిగువన, గండిలో శవమై దొరికాడు. అది జరిగి మూడు వారాలు దాటింది.

"కోమాద్రెస్ గురువారం సాయంత్రం" అన్నాడు లాందీవర్. "కార్నివాల్‌కి ముందు గురువారం. కింద వీధిలో ఆడవాళ్లు డప్పులతో ఊరేగుతున్నారు, కిటికీ మూసుకుని మరీ మాట్లాడుకున్నాం. పటం ఇచ్చాడు, తీసుకున్నాను. కింద తేదీ ఉంది, వాడి పేరుంది, రిజిస్ట్రేషన్ నంబరుంది."

"ఆ తర్వాత అతన్ని చూశారా?"

"లేదు. మర్నాడు నేను ఊళ్లో లేను. శనివారం పండగ. ఆదివారం ఈ కబురు."

"పటాన్ని తర్వాత ఎవరైనా దిద్దారా? కంప్యూటర్లో మళ్లీ గీయించారా?"

"గీసేవాడే పోయాడు కదమ్మా! ఇంకెవరు గీస్తారు? వాడిచ్చింది ఇచ్చినట్టే నగరపాలికకి పంపాను."

లెఫ్టినెంట్ కసీల్దా ఆరుకీపా ఆ జవాబును రాసుకోలేదు. రికార్డరు ఎర్రదీపం వెలుగుతోందో లేదో మాత్రం ఓసారి చూసుకుంది. గోడవారగా కూర్చున్న కాప్టెన్ ఫబ్రీసియో సెబాయోస్ మాంసం కూరిన సల్తేన్యా కొరుకుతూ, రసం చొక్కా మీద కారకుండా మెడ ముందుకు చాచాడు. విల్మెర్ తాగి మెట్ల మీంచి జారిపడ్డాడని రాసి ఈ కేసు మూసేసింది అతనే. చనిపోయినవాడి అక్క దామారిస్ జడ్జి దాకా వెళ్లి తెరిపించింది. తెరిచిన కేసు కసీల్దా చేతికొచ్చింది. అప్పట్నుంచీ ఆమె ఎక్కడుంటే అక్కడికి ఏదో పనున్నట్టు వచ్చి కూర్చుంటున్నాడు సెబాయోస్.

కసీల్దా పటాన్ని లాందీవర్ వైపు తిప్పింది. కొండవాలు మీద వీధులు, వాగులు, పేర్లు. వాటి మీద చుక్కలు: జారే నేలకు ఎరుపు, కదలని నేలకు ఆకుపచ్చ. కుసీపాతా పేట నిండా ఎరుపు. దానికి ఎగువన సిర్కా పంపా అనే ఖాళీ జాగా నిండా పచ్చ.

"ఇక్కడ ఏం రాసుందో చదువుతారా?" ఎర్రచుక్కల మధ్య ఓ చిన్న చతురస్రం మీద వేలు పెట్టింది.

లాందీవర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "కాంచా దోన్యా పేతా. ఏదో బంతాట మైదానం."

"దోన్యా పేతా ఎవరో తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

"నాకు తెలుసు. ఆ మైదానం పక్కన మొక్కజొన్న ఆపీ అమ్మేది. వేడివేడిగా, దాల్చినచెక్క కాస్త ఎక్కువేసి. విల్మెర్ పోయిన మూడో రోజు, కార్నివాల్ మంగళవారం కుసీపాతా మీదికి బురద దిగినప్పుడు బండితో సహా పోయింది. మైదానానికి ఆవిడ పేరు పెట్టింది ఆ తర్వాతి ఆదివారం. బోర్డు కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. అంతకుముందు దాని పేరు కాంచా లితోరాల్."

సెబాయోస్ నమలడం ఆపాడు.

లాందీవర్ పటాన్ని పక్కకి జరిపాడు. "చూడండి, మేం గీసేది చుక్కలే. వాటి కిందుండే వీధులూ పేర్లూ మావి కావు. ఏదో లైబ్రరీ వాడతారు, ప్రోగ్రాములు రాసేవాళ్లకి తెలుస్తుంది. అది ఎక్కణ్నించో తెచ్చి పరుస్తుంది. వాళ్లు తప్పు రాస్తే నేనేం చెయ్యను?"

"తప్పు రాయలేదండీ. సరిగ్గానే రాశారు. కాకపోతే ఆ మనిషి పోకముందే రాశారని మీరంటున్నారు."

"మా వకీలు వచ్చేదాకా నేనిక మాట్లాడను."

"పిలిపించుకోండి. ఇక్కడే ఉంటాను."

నడవాలోకి రాగానే సెబాయోస్ ఆమెకు అడ్డం నిలబడ్డాడు.

"మైదానం పేరు పట్టుకుని పెద్దమనిషిని ఊచల వెనక్కి పంపుతావా తల్లీ? జడ్జి ముందు చెప్పి చూడు. ఆపీ తాగిన రుచి కూడా వర్ణించు, ఆయనకీ నోరూరుతుంది."

"ఈ పటానికి చెల్లే రిజిస్ట్రేషను విల్మెర్‌దే. చనిపోయినవాడి పేరు పటం మీద వెయ్యాలంటే అతను బతికున్న రోజు తేదీ వెయ్యాలి కాప్టెన్. అందుకే వెనకటి తేదీ వేశారు. ఈ పటం గీసేనాటికి విల్మెర్ మట్టిలో ఉన్నాడు."

"విల్మెర్ తాగి పడ్డాడు. చొక్కా నిండా బీరు కంపు. నేను శవం పక్కన నిలబడి వాసన చూశాను."

"చొక్కాకే కంపు. కడుపులో చుక్క లేదు. శవపరీక్ష రిపోర్టు రెండో పేజీలో ఉంది. మీరు తిప్పలేదు."

సెబాయోస్ ముఖం ఎర్రబడింది.

"వాళ్లు ఎవాంహెలికోలు, మందు ముట్టని విశ్వాసులు" అందామె, గొంతు పెంచకుండానే. "పండగ మంగళవారం నేలతల్లికి అందరూ బీరు పోస్తారే, ఆ ఇంట్లో అదీ పొయ్యరు. అక్కని ఒక్క మాట అడిగుంటే చెప్పేది."

"నీ పాఠాలు వినే తీరిక నాకు లేదు. కుసీపాతా కుటుంబాలన్నిటినీ ఈ మధ్యాహ్నం సిర్కా పంపాకి చేర్చాలి. లారీలు, గుడారాలు, పసిపిల్లలు, ముసలాళ్లు, పైగా వాన. నువ్విక్కడ హాయిగా బొమ్మలు చూసుకో."

విసవిసా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

విల్మెర్ గది అదే అంతస్తులో చివరిది. శవం దొరికిన మర్నాడు సెబాయోస్ అంటించిన సీలు అలాగే ఉంది. కసీల్దా దాన్ని కోసి తలుపు తీసింది. మూసిపెట్టిన గది, చెమ్మ వాసన. బల్ల మీద కంప్యూటరు, సగం నీళ్లున్న గాజుగ్లాసు. గోడన చిన్న బైబిల్ వాక్యాల క్యాలెండరు. తలుపు వెనక కొక్కేనికి వానకోటు, దాని కింద బూట్లు.

కోటు జేబుల్లో బస్సు టికెట్టు తప్ప ఏమీ లేదు. ఆమె చూసింది జేబుల్ని కాదు, కోటు అక్కడే ఉండడాన్ని. కార్నివాల్ శనివారం పొద్దుట్నుంచీ కుండపోత. శవం కాళ్లకు ఆఫీసులో వేసుకునే గుడ్డ చెప్పులు. ఆ వానలో కోటూ బూట్లూ ఇక్కడ వదిలేసి వెనక మెట్ల మీదికి ఎవరూ తమంతట తాము వెళ్లరు.

గుమ్మం దగ్గర యోవానా అపాసా నిలబడింది. విల్మెర్‌తో కలిసి పనిచేసిన ప్రోగ్రామరు. లోపలికి అడుగుపెట్టడానికి కొంచెం సందేహించింది.

"ఆ కంప్యూటరు ముట్టుకోనక్కర్లేదు" అంది కసీల్దా. "గదికి సీలు వేసేముందే మావాళ్లు డిస్కుకి నకలు తీసుకున్నారు, అది ఈ లాప్‌టాప్‌లో ఉంది. నాకు తెలియాల్సింది ఒకటే. పటం కింద ఆ వీధులు ఎలా వస్తాయి?"

యోవానా కూర్చుని విల్మెర్ ప్రోగ్రాము తెరిచింది. ముందు తెల్లటి తెర మీద చుక్కలొచ్చాయి. కాగితం మీద ఆవాలు ఒలికినట్టు, ఏది ఎక్కడుందో తెలియకుండా.

"ఇవి కొలతలు. వీటికి ఊరు లేదు, పేరు లేదు. ఇప్పుడు చూడండి." ఒక్క వరుస టైపు చేసింది. చుక్కల కింద కుసీపాతా వీధులు చదరాలు చదరాలుగా వచ్చి అతుక్కున్నాయి. "ఆ లైబ్రరీ పని ఇంతే. ఈ చుక్కలున్న చోటు ఏదో చూసుకుని, అక్కడి బొమ్మల్ని ముక్కలుగా తెచ్చి పక్కపక్కన పరుస్తుంది."

"ఎక్కణ్నించి తెస్తుంది?"

"జనమంతా కలిసి గీసుకునే పటం ఒకటుంది, నెట్‌లో. ఎవరైనా దిద్దొచ్చు. దోన్యా పేతా పేరు మా తమ్ముడి జట్టువాళ్లే ఎక్కించారు, బోర్డు కట్టిన సాయంత్రమే. ఇది గీసిన ప్రతిసారీ ఆ రోజు అక్కడ ఏముంటే అదే తెస్తుంది."

కసీల్దా తెర మీదికి వంగింది. "మరి ఇక్కడ కాంచా లితోరాల్ అనే ఉందే?"

యోవానా కూడా చూసింది. "అవును... విల్మెర్ అలా పెట్టుకున్నాడు. వాన పడితే ఇక్కడ నెట్ పోతుంది కదా, ఒకసారి తెచ్చిన ముక్కల్ని కంప్యూటర్లోనే దాచుకునేలా చేశాడు. మళ్లీ గీస్తే కొత్తవి తేదు, పాతవే వేస్తుంది."

"అంటే ఇంజనీరు గారు నాకిచ్చిన పటం ఈ కంప్యూటర్లో గీసింది కాదు."

"కాదు. ఇందులో గీస్తే లితోరాల్ అనే వచ్చేది."

"ఇంకెవరి దగ్గరుంది ఈ ప్రోగ్రాము?"

యోవానా నడవా వైపు చూసి గొంతు తగ్గించింది. "నా దగ్గరుంది. సార్ దగ్గరుంది. నన్నెవరూ గీయమనలేదు, కావాలంటే నా మిషను తీసుకెళ్లి చూసుకోండి."

"తీసుకెళ్తాం. నిన్ను అనుమానించి కాదు, ఆయన వకీలు అడుగుతాడు కాబట్టి." కసీల్దా కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఆ దాచుకున్న ముక్కలు చూపించు. చివరగా తెచ్చినవి ముందు."

ఫోల్డరు నిండా అంకెల పేర్లతో చిన్న చిన్న బొమ్మలు. యోవానా వాటిని తేదీల వారీగా సర్దింది. పైనున్నవన్నీ విల్మెర్ చనిపోవడానికి ముందురోజువి. శుక్రవారమంతా ఒకే చోటిని మళ్లీ మళ్లీ, ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా గీసుకున్నాడు. ఒక ముక్కలో బండిబాట వంపు, ఇంకోదానిలో నీలి గీతలా వాగు, ఇంకోదానిలో ఉత్త తెలుపు. యోవానా వాటిని ఒక్కొక్కటే తెచ్చి అతికిస్తుంటే నాలుగో వరుసలో పేరు బయటపడింది.

సిర్కా పంపా.

"ఇంత దగ్గరగా ముక్కలు రావాలంటే అక్కడ చుక్కలేవో ఉండి తీరాలి" అంది యోవానా. "ఖాళీ నేలని ఎవరూ ఇంత దగ్గరగా గీయరు."

"ఏం చుక్కలు?"

"అది ఇందులో ఉండదు. ఇది కింది నేలనే దాస్తుంది, పైన గీసింది దాయదు. కొలతలన్నీ కంపెనీ ఉమ్మడి నిల్వలో ఉంటాయి." వెతికింది. చాలాసేపు వెతికింది. "సిర్కా పంపావి లేవు. ఎరుపూ లేదు, పచ్చా లేదు. అసలు కొలతలే లేవు."

"అయితే ఈ పటంలో ఆ పచ్చచుక్కలు?"

"ఎవరో చేత్తో పెట్టారు." యోవానా చేతులు ఒళ్లో పెట్టుకుంది. "డిసెంబర్లో అక్కడ మేకులు పాతింది నేనూ విల్మెరే. నేల కదిలితే వాటితోబాటు కదులుతాయి, నెలనెలా కొలవాలి. జనవరి తర్వాత సార్ నన్ను పంపలేదు. మేకులు పాడైపోయాయి, వాటి లెక్కలు పనికిరావు అన్నారు. విల్మెర్ మాత్రం వెళ్తూనే ఉన్నాడు. ఏమొచ్చాయో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు."

కసీల్దా అప్పటికే ఫోన్ చేస్తోంది.

సెబాయోస్ ఎత్తేసరికి అవతల వాన చప్పుడు, లారీ హారన్లు, ఎవరో పిల్లాడి ఏడుపు.

"కాప్టెన్, సిర్కా పంపాలో ఎవర్నీ దింపకండి."

"సగం మందిని దింపేశాం. ఏమైంది?"

"ఆ నేల కదులుతోంది. విల్మెర్ చనిపోయే ముందురోజంతా దాన్నే గీశాడు. కొలతలు ఎవరో తీసేశారు."

"చుక్కలేమైనా దొరికాయా?"

"లేదు. కింది పటం ముక్కలు మాత్రమే."

"ముక్కలు!" నవ్వాడు సెబాయోస్. ఆ నవ్వులో అలసట ఉంది. "విను కసీల్దా. వీళ్లు మూడు వారాల్నించి బడి వరండాల్లో పడుకుంటున్నారు. నా దగ్గర ఈ నేల పదిలమని కాగితముంది, స్టాంపుంది. నువ్వు ముక్కలు చూపిస్తే వీళ్లని మళ్లీ లారీలెక్కించి ఎక్కడికి తీసుకెళ్లను? మీ ఇంటికా?"

ఫోన్ పెట్టేశాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆమె దగ్గర రుజువు లేదు. మేకుల దగ్గరికి వెళ్లి కొలిచే సమయం కూడా లేదు. సిర్కా పంపాలో ఏముందో తెలిసిన మనిషి బతికున్నవాళ్లలో ఒక్కడే. అతను నడవా అవతల, వకీలు కోసం ఎదురుచూస్తూ కోకా టీ తాగుతున్నాడు.

కసీల్దా అతని గదిలోకి వెళ్లి మర్యాదగా నిలబడింది.

"ఇంజనీరు గారూ, వకీలొచ్చేలోగా ఒక సాయం చెయ్యాలి. సిర్కా పంపాలో జనం దిగడానికి భయపడుతున్నారట. ఈ నేల పదిలమని చెప్పిన మనిషే వచ్చి తమ మధ్య కాసేపు నిలబడితే ధైర్యంగా ఉంటుందని కాప్టెన్ కబురు పెట్టారు."

అది అబద్ధం. చెప్పేటప్పుడు ఆమె రెప్ప కూడా వెయ్యలేదు.

"నేనా? ఈ వానలోనా?"

"జీపుంది. గొడుగుంది."

"నాకు మూడింటికి మీటింగుంది."

"వెళ్లి నిలబడి వచ్చేద్దాం. రానన్నారని కాప్టెన్‌కి చెప్పమంటారా? ఎందుకు రానన్నారని అడిగితే ఏం చెప్పను?"

లాందీవర్ కప్పు కింద పెట్టాడు. కోటు తొడుక్కోవడానికి అతనికి చాలాసేపు పట్టింది.

సిర్కా పంపాకి తిరిగే మలుపు ముందు లాందీవర్, "ఇక్కడ ఆపండి, ఇక్కణ్నించి అంతా కనిపిస్తుంది" అన్నాడు. కసీల్దా ఆపలేదు. ఇంకాస్త ముందు, "బురదలో టైరు దిగబడుతుందండీ" అన్నాడు. ఆమె గేరు మార్చి ఇంకా లోపలికి పోనిచ్చింది. చివరి గుడారం దగ్గర ఇంజను ఆపి, దిగి, అటు తిరిగొచ్చి అతని వైపు తలుపు తీసింది.

నీలం టార్పాలిన్ల కింద పరుపులు, గ్యాసు పొయ్యిలు, కోళ్ల బుట్టలు. జాగా అంచున వాగొడ్డున ఒకావిడ బంగాళాదుంపలు కడుగుతోంది. ఆ పక్కనే వంట గుడారం ముందు పిల్లలు కంచాలు నెత్తిన బోర్లించుకుని వరుసగా నిలబడ్డారు. రబ్బరు బూట్లతో బురద తొక్కుకుంటూ సెబాయోస్ వచ్చాడు.

"ఓహో, ఇంజనీరు గారూ! మీరొచ్చారేంటి? రండి రండి, వేడివేడి సూప్ ఉంది."

"నేను దిగను" అన్నాడు లాందీవర్. సీటుబెల్టును రెండు చేతులా పట్టుకున్నాడు.

"బూట్లు పాడవుతాయనా?" సెబాయోస్ నవ్వి చెయ్యి చాచాడు. "రండి, నేను పట్టుకుంటాను."

"దిగనన్నానా! బండి వెనక్కి తిప్పండి."

సెబాయోస్ చెయ్యి అలాగే గాల్లో ఉంది. నవ్వు మాత్రం పోయింది. లాందీవర్ ముఖం వైపు చూశాడు, ఆ తర్వాత గుడారాల పైనున్న కొండ వైపు, మళ్లీ ముఖం వైపు.

"ఇక్కడ మీ పటంలో అంతా పచ్చే కదా" అన్నాడు మెల్లగా.

లాందీవర్ బెల్టు వదల్లేదు.

"వీళ్లని మధ్యాహ్నానికల్లా చేర్చమని నన్ను తొందరపెట్టింది మీరే. నగరపాలికకి ఈ నేల అమ్మింది మీ బావమరిది. ఒక్క అడుగు కిందికి పెట్టండి చాలు, నేనింకేం అడగను."

"వాన ఎప్పట్నుంచి పడుతోంది?" అడిగాడు లాందీవర్.

"తెల్లారగట్ల నుంచి" అంది కసీల్దా.

"అయితే తిప్పండి. దయచేసి తిప్పండి. రెండు రోజుల వాన చాలన్నాడు వాడు. నేలంతా నాని ఉంటే ఒక్కరోజే చాలన్నాడు."

"ఎవరన్నాడు?"

"విల్మెర్."

"మీతో ఎప్పుడన్నాడు?"

"శనివారం పొద్దున..." అని ఆగిపోయాడు లాందీవర్.

వాన జీపు రేకు మీద టపటపా పడుతోంది. సెబాయోస్ టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి, అతను తుడుచుకోలేదు.

"గురువారం తర్వాత చూడలేదన్నావు" అన్నాడు. "నా ముందే అన్నావురా."

కసీల్దా సెబాయోస్ భుజం మీద చెయ్యి వేసింది. "వీణ్ని నేను చూసుకుంటాను. మీరు జనాన్ని చూడండి. ఎటువైపు ముందు జారుతుంది ఇంజనీరూ? నోరు తెరువు!"

లాందీవర్ వేలెత్తాడు. వేలు వంట గుడారం వైపు తిరిగింది, పిల్లల వరుస వైపు.

సెబాయోస్ ఈల నోట్లో పెట్టుకుని పరిగెత్తాడు. అంత భారీ మనిషి ఆ బురదలో అలా పరిగెత్తగలడని అతని కింద పనిచేసేవాళ్లు కూడా ఎన్నడూ అనుకోలేదు. "రోడ్డెక్కండి! అన్నీ వదిలెయ్యండి! పిల్లల్ని ముందు!" ఎవరో ముసలావిడ పరుపు మీంచి లేవకుండానే, "పొద్దున ఒకసారి లేపావు, మళ్లీ ఏంటయ్యా నీ గోల?" అని కసిరింది. అతను ఆమెను పరుపుతో సహా ఎత్తుకున్నాడు. కంచాలు కింద పడ్డ చప్పుడు. ఎవరో ఏడుపందుకున్నారు. లారీ డ్రైవర్లు ఇంజన్లు స్టార్టు చేశారు.

కసీల్దా లాందీవర్ చేతికి సంకెల వేసి, ఒక కానిస్టేబుల్‌కి అప్పగించి రోడ్డు మీదికి తీసుకుపొమ్మంది. తను వాగువైపు పరిగెత్తింది. బంగాళాదుంపలు కడిగే ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఈలలూ కేకలూ పట్టనట్టు నీళ్లకేసి వింతగా చూస్తోంది.

"అమ్మా, లే! పైకి రా!"

"ఇదేంటమ్మా ఇది?" అందావిడ, సగం కడిగిన దుంప చేతిలో పట్టుకుని. "ఇప్పటిదాకా ఒడ్డు దాటుతోంది. చూస్తుండగానే ఆగిపోయింది."

కసీల్దా వాగులోకి చూసింది. తడి రాళ్లు బయటపడ్డాయి. వాటి మధ్య ఒక చేపపిల్ల కొట్టుకుంటోంది. ఎగువన, గుడారాలకు సరిగ్గా పైన, కొండమట్టి ఎక్కడో వాగుకు అడ్డం పడిపోయింది. నీళ్లన్నీ దాని వెనక చేరుతున్నాయి, అది తెగేదాకా.

వాన మాత్రం తగ్గలేదు.